ఉప్పులంక ఆలస్యాల పుస్తకం

నమోదు 1
శుద్ధ విదియ, మొదటి పోటు దిగాక

పాఠగది కాపరి రోజుకి నాలుగు వరసలకి మించకుండా నమోదు రాయాలని ఉమ్మడి విద్యాలయం వారి రూలు. నాలుగు వరసల్లో నాకు దేవుడికి దణ్ణం పెట్టుకోవడమే పూర్తి కాదు. కాబట్టి ఆ రూలుకి కూడా ఒక దణ్ణం పెట్టి, నా ఇష్టం వచ్చినంత రాస్తున్నాను.

పేరు నూకరత్నం. వయసు నలభై తొమ్మిది. మూడేళ్ళ క్రితం వరకూ వలలు బాగుచేసేదాన్ని. ఉప్పులంక దేశానికి పాఠగది వచ్చాక, "నీకు నాలుగు అక్షరాలు వచ్చు కదా" అని నన్ను దీనికి కాపరిని చేశారు. బురదలో పాతిన పన్నెండు స్తంభాల మీద ఒక గది, దానికి పద్నాలుగు మెట్ల నిచ్చెన. ఆ పద్నాలుగు మెట్లూ నా కుడి మోకాలికి పేరుపేరునా తెలుసు.

పొద్దున్నే కప్పు మీద కరెంటిచ్చే ఎండపలకల మీద కొంగలు వేసిన రెట్టలు కడిగాను. గోడకి పట్టిన ఉప్పుని నిమ్మచెక్కతో రుద్దాను. మా గోడ ఉత్త గోడ కాదు. వెలిగిందంటే మిగతా నాలుగు దేశాల పాఠగదులూ మా గదికి ఆనుకుని ఉన్నట్టే కనిపిస్తాయి. తెల్లగుట్ట వాళ్ళు వైద్యం చెబుతారు. నావపేట వాళ్ళు యంత్రాలు, గాలిమెట్ట వాళ్ళు సేద్యం, పగడాలదిబ్బ వాళ్ళు న్యాయం. అయిదు దేశాల జనాన్నీ ఒకచోట పోసినా పాతకాలపు తాలూకా ఒకటి నిండదు. ఏ దేశానికీ సొంతంగా కాలేజీ పెట్టుకునే తాహతు లేదు. అందుకే తలా ఒక పాఠం వేసుకుని, అందరూ అన్నీ చదువుకుంటున్నారు.

హాజరు వేసే యంత్రానికి మేం పెట్టుకున్న పేరు హాజరయ్య. గోడ మూలలోంచి పంతులుగారి గొంతుతో మాట్లాడతాడు. ఇవాళ గోడ తుడుస్తుండగా గొంతు సవరించుకున్నాడు.

"గౌరవనీయ కాపరిగారూ, విద్యాలయ మండలి నుంచి లేఖ వచ్చినది. చదువుదునా?"

"చదువు నాయనా."

"ఉప్పులంక దేశము గత మూడేళ్ళుగా నాలుగు దేశాల పాఠములు స్వీకరించుచున్నది. తాను ఒక్క పాఠమూ ఇవ్వలేదు. ఇచ్చిన గడువు ముగిసినది. ఇతర దేశముల విద్యార్థులు కనీసం పదిమంది కోరి చేరునట్టి పాఠమును నలభై అయిదు రోజులలో ఇవ్వని పక్షమున ఉప్పులంక పాఠగది మూసివేయబడును."

నిమ్మచెక్క చేతిలోంచి జారి, నేల సందులోంచి బురదలో పడింది.

నమోదు 2
శుద్ధ చవితి, రెండో పోటు

గది మూసేస్తే పదకొండుమంది చదువు ఆగిపోతుంది. అందులో పదిమంది ఎలాగో ఓర్చుకుంటారేమో. పదకొండో మనిషి, నన్ను అక్క వరసన 'అప్పా' అని పిలిచే నా తోడికోడలు అప్పలనర్సమ్మ. ఇరవై ఏళ్ళుగా ఉప్పులంకలో పుట్టిన ప్రతి బిడ్డనీ బయటికి తీసిన చేతులు ఆవిడవి. మూడేళ్ళ వైద్యం చదువులో ఇక ఆఖరి పరీక్ష ఒక్కటే మిగిలింది. అది రెండు నెలల్లో ఉంది.

మా దేశంలో డాక్టరు లేడు. తెల్లగుట్టకి పడవలో రెండు రోజులు. మా అత్తగారికి కడుపులో నొప్పి వచ్చినప్పుడు నేనూ నర్సమ్మా చెరోపక్కా కూర్చుని తీసుకెళ్ళాం. రెండో రోజు పొద్దున ఆవిడ మా ఒళ్ళోనే పోయింది. తిరుగు పడవలో నర్సమ్మ ఒక్కటే మాట అంది. "ఇంక ఎవులూ పడవలో పోకూడదప్పా." ఆ ఏడే పాఠగది వచ్చింది, ఈవిడ మొదటి రోజే వచ్చి కూర్చుంది.

ఇవాళ ఉత్తరం సంగతి చెప్పాను. పుస్తకం మూసి నా మొహంలోకి చూసింది.

"మనకేటి తెలుసనప్పా, ఒకులకి సెప్పడానికి?"

నేనూ అదే అనుకుంటున్నాను. కానీ కాపరిని కదా, ధైర్యం చెప్పాలి. "ఆరొందల నలభైమందిమి ఉన్నాం. ఒక్కలికైనా ఏటో ఒకటి తెలీదేటి?" అన్నాను.

నమోదు 3
బహుళ తదియ, మొదటి పోటు

పదమూడు రోజులు ఇల్లిల్లూ తిరిగాను. ఎవరిని అడిగినా "మాకేటి తెలుసు" అనే. వలలు అల్లడం గురించి చెబుదామంటే నావపేటలో యంత్రాలు అల్లుతాయట. ఉప్పుచేప ఆరబెట్టడం గురించి చెబుదామంటే ఆ వాసన గోడ దాటదు, వాసన లేనిదే ఆ విద్య రాదు.

చివరికి మా దేశాధ్యక్షుడు, వరసకి నాకు బావ, పైడిరాజు ముందుకొచ్చాడు. ఆయన పడవలకి తారు పూస్తాడు. మధ్యాహ్నం చేతులు కడుక్కుని దేశాన్ని పాలిస్తాడు.

"రాజనీతి సెప్తాను," అన్నాడు.

"ఆరొందలమందిని ఏలిన రాజనీతా?"

"సిన్న కుండలో వండినోడికే ఉప్పెంతో తెలుస్తాది, మరదలా."

మాట బాగానే ఉంది కదా అని ఒప్పుకున్నాను. ఇల్లు అలకగానే పండగ కాదని ఆ తరవాత తెలిసింది. నిన్న నా ఎదురుగా ఒకసారి చెప్పి చూపించమన్నాను. మొదటి అరగంట తన తండ్రి గురించి చెప్పాడు, రెండో అరగంట తన గురించి చెప్పాడు, ఆ తరవాత కునుకు తీశాడు. హాజరయ్య "పాఠము ముగిసినదా?" అని రెండుసార్లు అడిగాడు.

నమోదు 4
శుద్ధ ఏకాదశి, రెండో పోటు

గడువుకి ఇక అయిదు రోజులు. పైడిరాజు తప్ప ఇంకెవరూ దొరకలేదు. మండలి వారి ముందు పాఠం చెప్పి చూపించే రోజుకి దరఖాస్తు నింపాను. పాఠం పేరు: రాజనీతి. రోజు: పున్నమి. గంట అన్న గడిలో 2 అని రాశాను. పున్నమినాడు రెండో పోటుకి దేశమంతా తీరిగ్గా ఉంటుంది, పడవలన్నీ గది దాకా తేలివస్తాయి, జనం నిండుగా కనిపిస్తారు.

"నమోదైనది. రెండు," అన్నాడు హాజరయ్య.

దానితోపాటు మూడేళ్ళ హాజరు పట్టీ కూడా వినిపించాడు. నర్సమ్మ పేరు మీద చేరిన రోజునుంచీ ఆలస్యాలు మూడొందల పద్దెనిమిది. మిగతా పదిమందివీ కాస్త అటూఇటూగా అంతే. పాఠాలు పదిగంటలకి మొదలవుతాయి. పున్నమికీ అమావాస్యకీ ఆ వేళ గది చుట్టూ నడుంలోతు బురద ఉంటుంది. అందులో పడవ నడవదు, మనిషీ నడవలేడు. నీళ్ళు వచ్చినప్పుడే వీళ్ళూ వస్తారు. ఆ మాట మూడేళ్ళుగా చెబుతున్నాను. "గౌరవనీయ కాపరిగారూ, బురద అను గడి పట్టీలో లేదు," అంటాడు.

నమోదు 5
పున్నమి. రెండో పోటు దాటి చాలాసేపయింది.

జరిగింది జరిగినట్టు రాస్తాను.

మధ్యాహ్నం గదిలో ఒక్కదాన్నే ఉన్నాను. బయటంతా బురద. చీర ఎగ్గట్టి, కుంచె పట్టుకుని, గోడని ఇంకోసారి మెరిపిద్దామని రుద్దుతున్నాను. ఉన్నట్టుండి గోడ వెలిగింది. నా ముక్కుకి జానెడు దూరంలో యాభై మొహాలు. ముందు వరసలో మండలి పెద్ద రుక్సానా గారు. నావపేటలో యంత్రాల పాఠం చెప్పే ఆవిడ, గట్టి మనిషి.

"నమస్కారం. రెండు గంటలయింది. మొదలుపెడదామా?"

అప్పుడు తట్టింది నేను చేసిన నిర్వాకం. వేళని పోట్లతో లెక్కపెట్టే మా దేశంలో పుట్టినవాళ్ళు తప్ప ఇంకెవరూ చెయ్యలేని తప్పు అది. నేను రాసింది రెండో పోటు, వాళ్ళు చదివింది రెండు గంటలు.

"అమ్మా, మాస్టారు ఇంకా రానేదండి," అన్నాను.

"ఎప్పుడొస్తారు?"

"నీలొచ్చినప్పుడండి."

"నీళ్ళు ఎప్పుడొస్తాయి?"

కిటికీలోంచి చూశాను. ఇది ఆలోచించాల్సిన సంగతి కూడా కాదు. "ఇంకో ముప్పావుగంటకి గది కాడికి పడవలు తేల్తాయండి. మీ గడియారంలో మూడుకి పది నిమిషాలు తక్కువ అవుద్ది."

రుక్సానా గారు పక్కనున్న పట్టిక చూసి తల అడ్డంగా ఊపారు. "మా యంత్రం నాలుగుంబావు అంటోంది. మీ దగ్గర ఏ యంత్రముంది?"

"నా కాడ యంత్రమేటుందండి, కుంచె ఉంది. పీతల్ని సూసి సెప్పాను."

గోడంతా నవ్వులు. నాకు రోషం వచ్చింది. మోకాలి నొప్పి కూడా మరిచిపోయి, మా గదిని వాళ్ళకి చూపించే గోడకన్నుని కిటికీ వైపు తిప్పాను.

"నవ్వండి, నవ్వండి. ముందు అటు సూడండి. ఆ పీత కన్నానికి మన్ను మూత పెడతన్నాదా? నీలు పావుగంటలో తనకాడికొస్తాయని దానికి తెలుసు. ఇప్పుడిటు సూడండి, కాలవలో కట్టిన పడవ. ఇందాకటి దాకా దాని ముక్కు ఊరి కేసి ఉంది. ఇప్పుడు సముద్రం కేసి తిరుగుతన్నాది. అంటే అడుగునుండి నీరు మళ్ళిపోయినాది, పైకి మనకి కనపడ్డం నేదు గానీ. కొంగలేవీ? రెండో వరస గట్టుకి ఎక్కేసినాయి. అవి అనవసరంగా కాళ్ళు తడుపుకోవు."

నవ్వులు ఆగాయి. రుక్సానా గారు ముందుకి వంగారు. "మీ మాట నిజమైతే నాకు చాలా అవసరం. పోయిన తుఫానుకి సముద్రం అడుగున ఇసకంతా కదిలిపోయింది. మా పట్టికలు పాత ఒడ్డు కోసం కట్టినవి. ఈ ఆర్నెల్లలో మందుల పడవలు తొమ్మిదిసార్లు ఇసకలో కూరుకుపోయాయి. ఎవర్ని అడిగినా చెప్పలేకపోతున్నారు."

"మీ పట్టిక నీరు ఎనకటికి ఎప్పుడొచ్చిందో సెప్తాదండి. ఈయేల ఎప్పుడొస్తాదో పీతనే అడగాల."

"సరే. కూర్చుంటాం. చూద్దాం," అన్నారావిడ.

యాభైమందీ కూర్చున్నారు. నేను చూపిస్తూనే ఉన్నాను, వాళ్ళు అడుగుతూనే ఉన్నారు. బురద వాసన ఎలా మారుతుంది? అష్టమికి నీరు ఎందుకు బద్ధకిస్తుంది? పోటు రోజుకి ఎంతసేపు వెనక్కి జరుగుతుంది? తెలిసింది చెప్పాను. తెలియనిది తెలియదన్నాను. మధ్యలో ఒకసారి నా గొంతు నాకే వినిపించి ఆశ్చర్యమేసింది.

మూడుకి పది నిమిషాలు తక్కువనగా నిచ్చెన అడుగు మెట్టు తడిసింది. కాలవ మలుపులోంచి ఒక పడవ వచ్చింది, దాని వెనక ఇంకొకటి, తరవాత ముప్పై పడవలు. ఎవరి చేతికీ గడియారం లేదు, ఎవరూ ఎవరికోసమూ ఆగలేదు, అయినా అందరూ ఒక్కసారే నిచ్చెన దగ్గర కలిశారు. గోడ మీద ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు. అన్నిటికన్నా ముందు పడవలో తలపాగా చుట్టుకుని నిలబడ్డ పైడిరాజు ఆ చప్పట్లు తనకే అనుకుని రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాడు.

రుక్సానా గారు మాత్రం చప్పట్లు కొట్టలేదు. ఏదో ఆలోచిస్తున్నారు. "హాజరు యంత్రమా, ఉప్పులంక విద్యార్థులు మూడేళ్ళలో ఏ రోజు ఎన్ని నిమిషాలు ఆలస్యంగా వచ్చారో రాశావు కదా? అది తిథుల పక్కన పెట్టి చూపించు."

"చిత్తము," అన్నాడు హాజరయ్య.

గోడ మీద చుక్కలు మొలిచాయి. వెయ్యి, రెండు వేలు, మూడు వేలు. పదకొండు మందివీ ఒకదాని మీద ఒకటి పడ్డాయి. పున్నమి నుంచి పున్నమికి ఎక్కుతూ దిగుతూ పోయే అలలాగా గీత తేలింది. తుఫాను వచ్చిన నెలలో ఆ గీత ఉలిక్కిపడి, కొంచెం పక్కకి జరిగి, మళ్ళీ కుదురుకుంది. ఇసక ఎంత కదిలిందో అందులోనే ఉంది.

రుక్సానా గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "దీన్ని ఆలస్యాల పట్టీ అన్నదెవరు? పోటు వచ్చిన వేళని మూడేళ్ళపాటు నిమిషం తప్పకుండా రాసి పెట్టారు. అయిదు దేశాల్లో ఇంకెవరి దగ్గరా ఇది లేదు."

గుమ్మంలో తడి కాళ్ళతో నిలబడ్డ నర్సమ్మ నా వైపు చూసింది. "అప్పా, మన ఆలీస్యాలేనేటి అయి?"

"మూడొందల పద్దెనిమిది నీయేనే," అన్నాను.

పదిమంది చేరితే చాలన్నారు. గోడ ఆరేలోపు, కబురు విని వచ్చినవాళ్ళతో కలిపి అరవై ఒక్కమంది నా పోటు పాఠంలో చేరారు. పైడిరాజుకి మొహం చిన్నబోతుందేమోనని భయపడ్డాను. ఆయన తలపాగా విప్పి మెడమీద వేసుకుని, "నాను తీసుకొచ్చిన జనమే కదా పాటమయింది," అన్నాడు. రాజనీతి ఉన్నవాడేనని ఒప్పుకున్నాను.

పెరటిచెట్టు వైద్యానికి పనికిరాదంటారు. నలభై నాలుగు రోజులు మేమంతా ఆ చెట్టు కిందే నిలబడి మందు కోసం ఊరంతా వెతికాం.

నమోదు 6
బహుళ విదియ, మొదటి పోటు

ఒక చిక్కు మిగిలింది.

"గౌరవనీయ కాపరిగారూ, ఉపాధ్యాయుల అర్హత అను గడి ఖాళీగా ఉన్నది. ఏ పట్టా రాయుదును?"

నాకు ఏ పట్టా లేదు. ఐదో తరగతి పూర్తికాకుండానే వల దగ్గర కూర్చున్నాను. రుక్సానా గారికి కబురు పంపాను. ఆవిడ జవాబు వెంటనే వచ్చింది. "అర్హత గడిలో 'మూడేళ్ళ ఆలస్యాల కాపరి' అని రాయించండి. మండలి సంతకం నాది."

హాజరయ్య అలాగే రాసుకున్నాడు. ఆ తరవాత, "ఒక కొత్త గడి చేర్చితిని," అన్నాడు. "ఏటది?" అన్నాను. "బురద," అన్నాడు.

నమోదు 7
బహుళ నవమి, రెండో పోటు

మొదటి వారం పాఠాలు అయ్యాయి. ఇంటిపనిగా అందర్నీ తమతమ ఒడ్డున ఒక్క పీత కన్నం పక్కన, పోటు మొదలైన దగ్గర్నుంచీ దిగేదాకా కూర్చోమన్నాను. గాలిమెట్టనుంచి ఒకాయన పీతనే తమ పాఠగదికి తెచ్చేశాడు. గోడ నిండా జనం చూస్తుండగా అది ఆయన బొటనవేలు పట్టుకుంది. నావపేట పిల్లలు నడుంలోతు బురదలో దిగబడి, ఒకళ్ళనొకళ్ళు లాక్కుంటూ, నవ్వుతూ ఇంటిపని చేశారు. గొంతు పోయింది నాకు. అల్లం నీళ్ళు తాగుతున్నాను. ఇంత సుఖంగా ఎప్పుడూ గొంతు పోలేదు.

నమోదు 8
శుద్ధ చతుర్దశి, రెండో పోటు

ఇవాళ నర్సమ్మ పరీక్ష.

హాజరయ్య వారం ముందే అడిగాడు. "ఆ దినమున ఉప్పులంకలో పోటు ఎన్నింటికి?" చెప్పాను. పరీక్షని రెండు గంటలకి పెట్టారు.

నిచ్చెన అడుగు మెట్టు తడిసిన నిమిషానికే నర్సమ్మ పడవ దిగింది. పైకి వచ్చి గుమ్మంలో ఆగింది. అలవాటు కొద్దీ తల వంచుకుంది, తిట్టు పడుతుందని.

"అప్పలనర్సమ్మగారు సమయమునకు వచ్చినారు," అన్నాడు హాజరయ్య.

మూడేళ్ళు బురదలో పడిలేస్తూ వచ్చినా కంట తడి పెట్టని మనిషి, అక్కడే గుమ్మం పట్టుకుని ఏడ్చేసింది. నేను కూడా ఏడ్చాను. తెల్లగుట్ట డాక్టరుగారు గోడ మీద ఓపిగ్గా కాచుకుని, ఆ తరవాత అడిగారు. "రోగి ఎవరు?"

రోగిగా కూర్చుంటానన్న పైడిరాజుకి పడవలో తారు ఒలికిందట, రాలేదు. నేను అటూ ఇటూ చూశాను. నర్సమ్మ నా చెయ్యి పట్టుకుని బల్ల మీద కూర్చోబెట్టింది.

"కుడి మోకాలు సాపప్పా."

"నాకేటైందే?"

"ఏడాదిగా ఏడో మెట్టు కాడ ఆగతన్నావు. పోయిన నెల నుండి అయిదో మెట్టు కాడే ఆగతన్నావు. ఆకాశం సూత్తన్నట్టు నటిత్తావు. నాను లెక్కెడతన్నాను. పట్టా రాకుండా సెప్పకూడదని నోరు నొక్కుకున్నాను."

మోకాలిని నొక్కింది, వంచింది, చెవి ఆనించి విన్నది. కీలు అరిగిందనీ, నీరు చేరిందనీ, కోత అక్కర్లేదనీ, ఏ మందు ఎన్నాళ్ళో, ఏ కసరత్తు ఎలాగో డాక్టరుగారికి చెప్పింది. రోజుకి రెండుసార్లకి మించి నిచ్చెన ఎక్కకూడదని నాకు చెప్పింది. ఆయన నాలుగు ప్రశ్నలు అడిగి, చివరికి పరీక్షలు పెట్టేవాడిలా కాకుండా మామూలుగా అన్నారు. "డాక్టరుగారూ, నా మోకాలు కూడా ఒకసారి చూస్తారా?"

బయట పడవల్లో కూర్చుని చెవులు రిక్కించిన దేశమంతా గోల చేసింది.

సాయంత్రం మండలికి పంపే పట్టీ నింపడానికి కూర్చున్నాను. మూడేళ్ళుగా అదే పట్టీ, అవే అంకెలు. జనాభా గడిలో ఆరొందల నలభై రెండు అని రాశాను, ఈ నెల ఇద్దరు పుట్టారు. వైద్యులు అన్న గడిలో ఎప్పుడూ సున్నా పెట్టేదాన్ని. ఇవాళ ఒకటి పెట్టి, ఆరేదాకా దాన్నే చూస్తూ కూర్చున్నాను. దాని కింద ఉపాధ్యాయులు అన్న గడి ఉంది. అక్కడికి వచ్చేసరికి చెయ్యి ఆగింది. నా పేరు నేనే ఎలా రాసుకుంటాను? నాకు సిగ్గేసింది.

నర్సమ్మ నా వెనకనుంచి వంగి, నా చేతిలో కలం తీసుకుని, అక్కడ కూడా ఒకటి పెట్టింది.

"ఇంక లెగప్పా. నీరు దిగిపోతన్నాది," అంది.

నిచ్చెన దిగడానికి నాకు భుజం ఇచ్చింది. అయిదో మెట్టు దగ్గర ఇద్దరం ఆగాం. ఆకాశం చూశాం.